పెరట్లో పాత గులాబీ: పేరు తర్వాత, ముందు కొమ్మలు కోయండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. తెనాలి దగ్గర మీ అమ్మమ్మగారి ఇంట్లో నూతి పక్కన ఒక గులాబీ పొద ఉంది. మీకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది. లేత గులాబీ రంగు, మంచి వాసన, ఏడాది పొడుగునా ఏదో ఒక పువ్వు ఉంటుంది, అమ్మమ్మ రోజూ దేవుడికి పెట్టేది. సంక్రాంతి తర్వాత ఇల్లు పడగొట్టేస్తున్నారు. హైదరాబాదులో మూడు నర్సరీల్లో ఫోన్‌లో ఫొటో చూపిస్తే ఒకాయన పన్నీరు గులాబీ అన్నాడు, ఒకాయన కశ్మీరీ అన్నాడు, మూడో ఆయన "నాటు గులాబీ సార్, ఇప్పుడెవరూ పెంచట్లేదు" అన్నాడు. దీని అసలు పేరేమిటి, ఎక్కడ కొనుక్కోవచ్చు అని అడిగారు.

నా సమాధానం: నూటికి ఎనభై పాళ్ళు అది ఎడ్వర్డ్ గులాబీ. మిగతా ఇరవై పాళ్ళు ఎందుకు వదిలేశానంటే మీరు పెట్టిన ఫొటో పువ్వును నెత్తి మీంచి తీసింది. గులాబీని గుర్తుపట్టడానికి అన్నిటికంటే తక్కువ పనికొచ్చేది ఆ కోణమే. ఇక కొనడం సంగతి: ఆ పేరు చెప్పి అడిగితే నర్సరీలో దొరకడం కష్టం. దొరికినా అది మీ అమ్మమ్మగారి మొక్కే అని ఎవరూ పూచీ ఇవ్వలేరు. కాబట్టి పేరు తేలేదాకా ఆగకండి. ఈ నెలలోనే వెళ్ళి కొమ్మలు కోసుకోండి. ఎలా కోయాలో కింద రాశాను. పేరు వచ్చే ఏడాది తీరిగ్గా తేల్చుకోవచ్చు. ఇల్లు అప్పటిదాకా ఆగదు కదా.

నేను ఉద్యాన శాఖ మనిషిని కాను. బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. బదిలీల మీద అనంతపురం, హైదరాబాదు, బెంగుళూరు తిరిగి ఇప్పుడు రాజమండ్రిలో ఉంటున్నాను. ముప్ఫై ఏళ్ళుగా గులాబీలు పెంచుతున్నాను, వాటిలో సగం మొక్కలు బదిలీల్లో కొమ్మలుగా నాతో లారీలు ఎక్కినవే. కింద రాసేదంతా చేతి మీద నేర్చుకున్నది.

నర్సరీ పేర్ల గురించి ముందు ఒక మాట. ఆ ముగ్గురూ మీతో అబద్ధం చెప్పలేదు. నాటు, కశ్మీరీ, డచ్, బటన్, ముద్ద, హైబ్రిడ్... ఇవి రకాల పేర్లు కావు. బట్టల కొట్లో అరల మీద "పట్టు", "ఫ్యాన్సీ", "డైలీ వేర్" అని రాసుకుంటారే, అలాంటివి. నాటు అంటే అంటు కట్టనిది, లేదా అమ్మేవాడికి పేరు తెలియనిది. కశ్మీరీ అని నాకు అమ్మినవన్నీ గుత్తులుగా పూసే చిన్న పువ్వుల మొక్కలే, వాటికీ కశ్మీరుకీ ఏం సంబంధమో ఈ రోజుకీ తెలియదు. డచ్ అంటే పాలీహౌసుల్లో పొడుగు కాడలతో బొకేల కోసం పెంచే రకాలు. హోసూరు వైపు పండించే ఎర్రటి తాజ్‌మహల్ లాంటివన్నమాట. ఆ మాట పట్టుకుని వెతికితే రకం దొరకదు.

పన్నీరు గులాబీ మాట కొంచెం వేరు. ఇది నిజంగానే ఒక జాతికి పేరు. అత్తరుకీ, పన్నీటికీ, గుల్కందుకీ వాడే డమాస్క్ గులాబీ అది. ఉత్తరాదిలో కన్నౌజ్, హాథ్రస్, పుష్కర్ చుట్టుపక్కల అత్తరు కోసం పండించేది దాన్నే. తమాషా ఏమిటంటే 'గులాబ్' అన్న పారశీక మాటకి అర్థం పూల నీరు. మనం పువ్వుకి నీటి పేరు పెట్టుకున్నాం, నీటికి మళ్ళీ పన్నీరని ఇంకో పేరు పెట్టుకున్నాం. వచ్చిన చిక్కల్లా ఎక్కడంటే, మన వైపు వాసన ఉన్న ప్రతి లేత గులాబీ రంగు పువ్వునీ పన్నీరు గులాబీ అనేస్తారు. నేనూ అన్నాను. మా అమ్మ పెంచిన మొక్కని పదేళ్ళు పన్నీరు గులాబీ అనుకుని, అడిగినవాళ్ళందరికీ అలాగే చెప్పి, కొమ్మలు కూడా పంచాను. తర్వాత ఒకసారి ఉత్తరాది నుంచి స్నేహితుడు తెచ్చిన అసలు డమాస్క్ కొమ్మని పక్కన పెట్టి చూసుకుంటే తెలిసింది, రెండూ రెండు దారులని. పువ్వులు పక్కపక్కన పెడితే తేడా చెప్పడం కష్టం. ఆకు తిరగేసి బొటనవేలితో రాస్తే మాత్రం ఒక్క క్షణంలో తేలిపోయింది.

అందుకే మీరు ఊరెళ్ళినప్పుడు ఈ నాలుగూ చూడండి, ఫొటోలు తీయండి.

మొదటిది ముళ్ళు. డమాస్క్ కొమ్మ మీద ముళ్ళు ఒక వరసలో, ఒక సైజులో ఉండవు. పెద్ద కొక్కెం ముల్లు, దాని పక్కన చిన్నది, మధ్యలో నూగులాంటి సన్నవి, అన్నీ కిక్కిరిసి ఉంటాయి. చెయ్యి పెట్టడానికి చోటుండదు. ఎడ్వర్డ్‌కి ముళ్ళు బలంగా, కిందికి వంగి ఉంటాయి గానీ ఎడంగా ఉంటాయి. రెండు ముళ్ళ మధ్య వేలు పెట్టి కొమ్మ పట్టుకోవచ్చు. మీ అమ్మమ్మగారు రోజూ చేత్తో పూలు కోసేవారన్నారు. ఎడ్వర్డ్ అన్న నా అనుమానానికి అదో కారణం.

రెండోది ఆకు. పైన మెరుపు ఉందా? డమాస్క్ ఆకు బూడిద కలిసిన పచ్చగా, మెత్తగా, మెరుపు లేకుండా ఉంటుంది. కింది వైపు సన్నటి నూగు. వేలికి పాత దుప్పటి అంచులా తగులుతుంది. ఎడ్వర్డ్ ఆకు దానికంటే నున్నగా, పచ్చగా ఉంటుంది. అలాగే ఆకు కాడ మొదట్లో, కొమ్మకి అతుక్కునే చోట రెండు పక్కలా చిన్న రెక్కల్లాంటివి ఉంటాయి. పుస్తకాల్లో పత్రపుచ్ఛాలు అంటారు. వాటి అంచు దువ్వెన పళ్ళలా చీలి ఉంటే అది గుత్తులుగా చిన్న పువ్వులు పూసే మల్టీఫ్లోరా జాతి. ఈ ఒక్క గుర్తు నాకు ఎన్నిసార్లు పనికొచ్చిందో చెప్పలేను. పువ్వు లేని మొక్కని కూడా దీనితో పట్టుకోవచ్చు. దగ్గర నుంచి ఫొటో తీయండి.

మూడోది మొగ్గ. విచ్చిన పువ్వు కాదు, రేపో ఎల్లుండో విచ్చుకోబోయే మొగ్గని పక్కనుంచి చూడండి. మొగ్గని కప్పి ఐదు పచ్చటి రక్షక పత్రాలు ఉంటాయి. డమాస్క్‌లో అవి పొడుగ్గా, చివర చిన్న ఆకుల్లా సాగి, మొగ్గ కొనని దాటి పైకి ఉంటాయి. పువ్వు విచ్చాక వెనక్కి మడిచిపోతాయి. పట్టుకుంటే వేళ్ళకి కొంచెం జిగురు, ఆ జిగురుకీ వాసన. చైనా జాతి గులాబీల్లో ఇవి పొట్టిగా, నున్నగా ఉంటాయి. ఎడ్వర్డ్ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది, ఎందుకో కింద చెబుతాను. మొగ్గ కింద పచ్చటి ఉబ్బు కూడా చూడండి, రేపు కాయ అయ్యేది అదే. సన్నగా గరాటులా ఉందా, గుండ్రంగా ఉందా?

నాలుగోది పూత. ఇది మీరే చెప్పేశారు. డమాస్క్ గులాబీ చాలావరకు ఏడాదికి ఒక్కసారి విరగబూసి ఊరుకుంటుంది. అందులో రెండోసారి పూసే రకం ఉంది గానీ అది కూడా నెల నెలా పూయదు. తెనాలి ఎండల్లో, ఆ నల్లరేగడి తేమలో ఏడాది పొడుగునా పూసిందంటే దానిలో చైనా గులాబీ రక్తం ఉండి తీరాలి. మళ్ళీ మళ్ళీ పూసే గుణం ఇవాళ్టి గులాబీలకి ముఖ్యంగా అక్కడి నుంచే వచ్చింది.

ఇప్పుడు ఎడ్వర్డ్ కథ. ఈ పేరు విని చాలామంది ఇంగ్లండు రాజు పేరనుకుంటారు. కాదు. హిందూ మహాసముద్రంలో ఇప్పుడు రీయూనియన్ అంటున్న ఫ్రెంచి దీవిని అప్పట్లో బూర్బన్ దీవి అనేవారు. అక్కడ పొలాలకి కంచెగా చైనా గులాబీనీ, రెండుసార్లు పూసే డమాస్క్‌నీ కలిపి నాటేవారు. ఆ రెండూ వాటంతట అవే కలిసి పుట్టిన మొక్క అక్కడ 'రోజ్ ఎదువార్' అయింది. 1817 ప్రాంతంలో ఒక ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడి కంట్లో పడి దాని విత్తనాలు పారిస్ చేరాయి. బూర్బన్ గులాబీలన్న వంశం మొత్తం అక్కడ మొదలైంది. ఎక్కువగా చెప్పే కథ ఇదే. ఆ ఎదువార్ మన నోట్లో ఎడ్వర్డ్ అయింది. తల్లి నుంచి పన్నీరు వాసన, తండ్రి నుంచి నెల నెలా పూత (ఎవరు తల్లి, ఎవరు తండ్రి అని మాత్రం నన్ను అడగకండి). అందుకే మీ మొక్కని పన్నీరు గులాబీ అన్న నర్సరీ ఆయన మరీ తప్పేం చెప్పలేదు, దాని చుట్టం పేరు చెప్పాడు.

ఇప్పుడు మీకు నచ్చే సంగతి ఒకటి. మీరు వెతుకుతున్న మొక్క బహుశా ఇప్పటికే మీ బాల్కనీలో ఉండి ఉండొచ్చు.

కొన్న గులాబీ మొక్కలు చాలావరకు అంటు మొక్కలు. వేర్లు ఒక రకానివి, పైన పూసేది వేరే రకం. ఉత్తరాదిలో వేరు మొక్కగా రోజా ఇండికా ఒడొరాటా, తూర్పు వైపు మల్టీఫ్లోరా వాడుతుంటే, మన దగ్గర ఆ పని చేసినవాటిలో ఎడ్వర్డ్ ఒకటి. గట్టిది, మన ఎండలకీ, రకరకాల నేలలకీ తట్టుకుంటుంది, కొమ్మ గుచ్చితే బతుకుతుంది. అంటే ఎన్నో హైబ్రిడ్ మొక్కల కింద మీ అమ్మమ్మగారి గులాబీ వేర్ల రూపంలో కూర్చుని ఉందన్నమాట. పైమొక్క ఎండిపోతే అది తలెత్తుతుంది.

"మా ఇంట్లో ఎర్ర గులాబీ నాటుగా మారిపోయింది" అని నెలకొకరైనా అడుగుతారు. ఏ మొక్కా మారదు. నా దగ్గర రెండుసార్లు జరిగింది. హైదరాబాదులో కొన్న డబుల్ డిలైట్ రెండో వేసవిలో నల్లబడి పైనుంచి కిందికి ఎండుకుంటూ వచ్చింది. కొమ్మ ఎండు తెగులు. పారేద్దామనుకుని బద్ధకించాను. వానలు పడ్డాక కుండీలో మట్టి దగ్గర నుంచి ఒక కొమ్మ నిటారుగా నాలుగడుగులు లేచింది. కార్తీక మాసంలో పూసిన పువ్వు చూస్తే మా అమ్మ పెరట్లోదే! అదే రంగు, అదే వాసన. రెండోసారి ఇంకో మొక్కకి ఇలాగే జరిగితే ఈసారి గోరంత తెల్లపువ్వులు గుత్తులుగా వచ్చాయి, ఆకు మొదట్లో దువ్వెన పళ్ళు. అది మల్టీఫ్లోరా. నర్సరీ ఏ వేరు మీద అంటు కట్టిందో అలా బయటపడింది.

ఇక్కడే ఒక అపోహ. "ఏడు ఆకులుంటే నాటు, ఐదు ఆకులుంటే హైబ్రిడ్, ఏడాకుల కొమ్మ కోసి పారెయ్యి" అని వీడియోల్లో ఊదరగొడతారు. నమ్మకండి. మంచి హైబ్రిడ్ రకాలకి కూడా బలంగా ఉన్న కొమ్మ మీద ఏడు పత్రకాలు వస్తాయి. కొమ్మ ఎక్కడి నుంచి పుట్టిందో చూడాలి. మట్టి పక్కకి తీసి, అంటు కట్టిన చోట ఉండే బొడిపె వెతకండి. దాని కింద నుంచి వస్తే వేరు మొక్కది, పైనుంచి వస్తే మీ రకందే. ఏడాకులు లెక్కపెట్టి బంగారం లాంటి కొత్త కొమ్మలు నరికేసుకున్నవాళ్ళు నాకు తెలుసు.

ఇంక అసలు పని, కొమ్మలు. ఎడ్వర్డ్, చైనా, పన్నీరు లాంటి పాత రకాల్లో ఉన్న సుఖం ఏమిటంటే అవి సొంత వేళ్ళ మీద బతుకుతాయి. అంటు అక్కర్లేదు. ఈ చలికాలం నెలలు దానికి చక్కటి అదను.

పువ్వు ఈమధ్యే రాలిన కొమ్మ వెతకండి. పెన్సిలు లావుండాలి. మరీ లేత పచ్చటిది కుళ్ళిపోతుంది, మరీ ముదురు గోధుమరంగుది మొండికేస్తుంది. వంచితే కొంచెం వంగి, ఇంకొంచెం వంచితే చిటుక్కున విరిగేది సరైన ముదురు. దాన్ని ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ముక్కలుగా, ముక్కకి నాలుగు కణుపులు ఉండేలా కోయండి. కింది కోత కణుపుకి సరిగ్గా కింద ఏటవాలుగా, పై కోత కన్నుకి (చిగురొచ్చే చోటుకి) పైన తిన్నగా. ఇలా చేస్తే ఏది తల, ఏది కాలు అని తికమక ఉండదు. తలకిందులుగా గుచ్చి నెల రోజులు నీళ్ళు పోసిన అనుభవం నాది. పైన రెండు ఆకులు ఉంచి మిగతావి తీసేయండి.

ఇరవై ముక్కలు తీసుకోండి. ఐదారు బతికితే చాలనుకోండి. తెనాలి నుంచి హైదరాబాదు దాకా తేవాలి కాబట్టి తడి న్యూస్‌పేపర్లో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఎండ తగలకుండా సీటు కింద పెట్టుకోండి. బస్సు కిటికీ దగ్గర పెట్టారో, సూర్యాపేట వచ్చేసరికి ఉడికిన ఆకుకూరే. ఇంటికి రాగానే అడుగు కొసని మళ్ళీ కొంచెం కోసి, రూటింగ్ హార్మోన్ పొడి అద్దండి. లేకపోతే కలబంద గుజ్జు అద్దేవాళ్ళున్నారు, నేను రెండూ చేశాను, పాత రకాలకి పెద్ద తేడా కనబడలేదు. సగం ఇసుక, సగం కొబ్బరి పీచు పొడి కలిపిన కవర్లలో రెండు కణుపులు లోపలికి పోయేలా గుచ్చండి. రెండు లీటర్ల నీళ్ళ సీసా అడుగు కోసేసి పైన బోర్లించండి. నీడలో పెట్టండి.

పది రోజుల్లో చిగుళ్ళు వస్తాయి. అప్పుడు సంబరపడకండి. ఆ చిగురు కొమ్మలో దాచుకున్న బలంతో వచ్చేది. కింద వేరు ఉండకపోవచ్చు. వేరొచ్చిందా లేదా అని పీకి చూశారా, పని అయిపోయినట్టే. నాలుగు నుంచి ఆరు వారాలు ముట్టుకోకండి. కవరు అడుగు చిల్లులోంచి తెల్లటి వేరు కనిపించే రోజు దాకా ఆగాలి.

ఇంకో జాగ్రత్త. అన్నీ ఒకే ఇంట్లో పెట్టకండి. పది మీ దగ్గర, ఐదు మీ పిన్నిగారి ఇంట్లో, ఐదు తెనాలిలోనే ఎవరైనా పక్కింటివాళ్ళకి ఇవ్వండి. నేను బెంగుళూరు నుంచి తెచ్చుకున్న ఒక పాత రకం, మేడ మీద ట్యాంకు నిండి పొర్లిన ఒక్క వారంలో మూడు కుండీలూ కుళ్ళిపోయి పూర్తిగా పోయింది. ఎవరికైనా ఒక కొమ్మ ఇచ్చి ఉంటే ఇవాళ నా దగ్గర ఉండేది.

ఇల్లు పడగొట్టడానికి ఇంకా ఆరేడు వారాలుంటే ఇంకో దారి కూడా వాడుకోండి. నేలకి దగ్గరగా ఉన్న కొమ్మని వంచి, మట్టిలోకి పోయే చోట చిన్న గాటు పెట్టి, మట్టి కప్పి ఇటుక పెట్టండి. దీన్నే నేల అంటు అంటారు. ఎవరూ రోజూ చూడక్కర్లేదు, తల్లి మొక్కే దానికి పాలు పడుతుంది. పెద్ద పొదని వేళ్ళతో సహా తవ్వి తేవడం ఆఖరి ప్రయత్నం. మోకాలెత్తుకి నరికి, మట్టిగడ్డ చెదరకుండా గోనెసంచిలో కట్టి తేవాలి. అంత పాత మొక్క బతకడం సగం సగమే. కొమ్మలు చేతిలో ఉన్నాకే ఆ సాహసం చేయండి.

మీరు ప్రశ్న చివర్లో "ఇంట్లో ఇంకో పది హైబ్రిడ్లు ఉన్నాయి, వాటి పేర్లు కూడా తెలుసుకోవాలని ఉంది" అన్నారు. దానికి సమాధానం కొంచెం నిరుత్సాహంగా ఉంటుంది. కొన్నిటికి తెలుస్తాయి, చాలావాటికి తెలియవు.

తేలిగ్గా తెలిసేవి కొన్ని ఉన్నాయి. మీగడ రంగు పువ్వుకి అంచుల నుంచి ఎరుపు లోపలికి పాకుతూ, మత్తుగా వాసన వేస్తే అది చాలావరకు డబుల్ డిలైట్, 1977 నాటిది. నీలం గులాబీ అని అమ్మే లేత ఊదా రంగుది తరచుగా బ్లూ మూన్, 1964. గుత్తులు గుత్తులుగా తెల్లగా, పెద్దగా వాసన లేకుండా, ఆపకుండా పూసేది ఐస్‌బర్గ్ కావచ్చు, 1958లో జర్మనీ నుంచి వచ్చింది. మనిషెత్తు పెరిగి, తేట గులాబీ రంగులో పూసి, చలికీ ఎండకీ జంకనిది క్వీన్ ఎలిజబెత్, 1954. అనంతపురంలో మా ఎదురింటివాళ్ళు 'కాశీ గులాబీ' అని పిలిచే ఒక ఎర్రది ఉండేది. పువ్వు మెడ వంచుకుని నేల చూస్తుంటుంది, కొత్త చిగురు రాగి రంగు, వాసన వీధి దాకా. మూడు చలికాలాలు చూశాక అది గ్రుస్ ఆన్ టెప్లిట్జ్ అని తేల్చుకున్నాను, 1897 నాటి రకం. ఇక్కడ కూడా నన్ను ఒప్పించింది రంగు కాదు, ఆ వంగిన మెడ.

ఇప్పుడు తెలియనివి. నలుపు తిరిగిన ముదురు ఎరుపు, మంచి వాసన, పెద్ద పువ్వు. ఫొటో పెట్టగానే కింద ఒకరు పాపా మెయాఁ అంటారు, ఒకరు మిస్టర్ లింకన్ అంటారు, ఇంకొకరు ఓక్లహోమా అంటారు, గొడవ. ఈ మూడూ ఒకే తల్లిదండ్రుల పిల్లలు. క్రైస్లర్ ఇంపీరియల్‌నీ చార్లెస్ మల్లెరిన్‌నీ కలిపితే పుట్టినవి, 1963, 64 ప్రాంతంలో వేరు వేరు చోట్ల విడుదలయ్యాయి. తోబుట్టువుల్ని ఒక్క ఫొటోలో విడదీసి చెప్పేవాడు నాకింకా తగల్లేదు. కుండీల్లో పక్కపక్కనే రెండేళ్ళు పెంచితే లింకన్ పొడుగ్గా లేవడం, పాపా మెయాఁకి బూడిద తెగులు తొందరగా పట్టడం లాంటివి కనిపిస్తాయి. అంతే.

ఫోన్‌లో మొక్కల యాప్‌లు జాతి దాకా చెబుతాయి, రకం దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తాయి. గులాబీ రకాలు వేలల్లో ఉన్నాయి. హెల్ప్‌మీఫైండ్ అనే వెబ్‌సైట్లో రంగు, రెక్కల సంఖ్య, వాసన, ఏడాది ఇచ్చి వెతకొచ్చు, నేను వాడేది అదే. వాడేటప్పుడు ఒక చిట్కా: రెక్కలు లెక్కపెట్టండి. "ముద్దగా ఉంటుంది" అని రాస్తే ఏమీ తేలదు. రాలబోయే పువ్వు ఒకటి తీసుకుని పేపరు మీద పదేసి రెక్కలు వరసలుగా పేర్చండి. 17 నుంచి 25 ఒక తరగతి, 26 నుంచి 40 ఇంకో తరగతి, 41 దాటితే మరొకటి. మూడు పువ్వులకి లెక్కపెట్టి సగటు వేసుకోండి. పిల్లలుంటే ఈ పని వాళ్ళకి అప్పజెప్పండి, భలే ఇష్టంగా చేస్తారు.

మే నెల పువ్వుని చూసి ఏ నిర్ణయానికీ రాకండి. మన ఎండల్లో పువ్వు సగానికి సగం చిన్నదవుతుంది, రెక్కలు తగ్గుతాయి, రంగు వెలిసిపోతుంది. డబుల్ డిలైట్ ఎరుపు ఎండ తగిలితేనే వస్తుంది. మా మేడ మీద ఒకే మొక్క నుంచి తీసిన రెండు కొమ్మ మొక్కల్లో ఒకటి షేడ్ నెట్ కింద, ఒకటి ఎండలో పెట్టి ఫొటోలు చూపిస్తే ఇద్దరు గులాబీ ప్రియులు అవి రెండు రకాలని పందెం కాశారు. అక్టోబరు మొదట్లో కొమ్మలు కత్తిరిస్తే నలభై ఐదు రోజులకి అటూ ఇటూగా వచ్చే మొదటి పూత ఉంటుందే, దాన్ని చూసి రాసుకోండి. ఆ చలికాలం పువ్వే ఆ మొక్కకి ఆధార్ కార్డు.

పేరుతో కొనాలంటే మాత్రం నర్సరీలో "దీని పేరేంటి" అని అడగొద్దు. ఏదో ఒకటి చెబుతారు. "పేరు రాసిన లేబుల్ ఉన్నవి ఏవి" అని అడగండి. మాకు నర్సరీల ఊరు కడియపులంక పక్కనే. అక్కడ కూడా వంద గులాబీల్లో లేబుల్ ఉన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. చలికాలంలో, పువ్వు మీద ఉన్నప్పుడు కొనండి. ఒకే రకానికి రెండు మూడు పేర్లుంటాయని కూడా గుర్తుపెట్టుకోండి. పీస్ అన్నా మదాం ఎ. మెయాఁ అన్నా ఒకటే. ఊటీకి ఎప్పుడైనా వెళితే బొటానికల్ గార్డెన్ చూసి వచ్చేయకుండా ప్రభుత్వ గులాబీ తోటకి వెళ్ళండి, 1995లో పెట్టారు. మొక్కల దగ్గర పేర్లుంటాయి. రెండు గంటలు అక్కడ తిరిగితే కన్ను తయారవుతుంది.

వేడి ప్రాంతాలకి తట్టుకునే గులాబీల మీద ఆసక్తి ఉంటే వీరరాఘవన్‌గారి రకాల గురించి చదవండి. ఆయన మన ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐఏఎస్ అధికారిగా పనిచేసి, ఉద్యోగం వదిలి కొడైకెనాల్‌లో స్థిరపడి, మన దేశపు అడవి గులాబీలైన క్లైనోఫిల్లా, జైగాంటియాలతో కొత్త రకాలు పుట్టించారు. కన్యాకుమారి, ఇ.కె. జానకి అమ్మాళ్ ఆయనవే. బజారులో అరుదు, కనబడితే వదలకండి.

ఆన్‌లైన్‌లో నీలం గులాబీ, ఇంద్రధనస్సు గులాబీ విత్తనాలు నలభై రూపాయలకి అమ్ముతుంటారు. వాటి మీద ఒక్క రూపాయి పెట్టకండి. గులాబీ రెక్కలో అసలు నీలాన్నిచ్చే వర్ణకమే తయారవదు. జపానులో జన్యువులు మార్చి 2009లో బజారులోకి తెచ్చింది కూడా ఊదాగానే ఉంటుంది. పైగా గులాబీ రకాలు గింజ నుంచి తల్లిలా రావు.

ఈ వారాంతం తెనాలి వెళ్ళగలిగితే వెళ్ళండి. ముళ్ళు, ఆకు కింది వైపు, ఆకు కాడ మొదలు, పక్కనుంచి మొగ్గ. ఈ నాలుగు ఫొటోలు ఇక్కడే పెట్టండి, ఎడ్వర్డో కాదో ఆ రోజే చెబుతాను. ముల్లు ఫొటో తీసేటప్పుడు పక్కన ఒక రూపాయి బిళ్ళ పెట్టండి, సైజు తెలుస్తుంది.